చర్చ: పిల్లలకు డ్రమ్స్ నేర్పడానికి మెష్ కిట్ చాలా, అసలు కిట్ ఉండాలా?

అనంత_స్నేర్
అందరికీ నమస్తే. మాది అనంతపురం, కమలానగర్. సాయంత్రం పూట మేడ మీద గదిలో పిల్లలకు డ్రమ్స్ నేర్పుతాను. ఇన్నాళ్లూ ఉన్నది ఒకటే అకూస్టిక్ కిట్ (కరెంటు అక్కర్లేని అసలు డ్రమ్స్): 22 అంగుళాల బేస్, 14 స్నేర్, మూడు టామ్‌లు, హైహ్యాట్, ఒక క్రాష్, ఒక రైడ్ (ఈ మూడూ సింబల్స్, అంటే కంచు పళ్లేలు). మొన్న బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో మెష్ హెడ్లున్న (తోలు బదులు వల లాంటి గుడ్డ బిగించిన) ఎలక్ట్రానిక్ కిట్ దొరికింది. తెచ్చినప్పటి నుంచి సరిగ్గా నిద్రపోతే ఒట్టు. ఒక్కో ప్యాడ్ సెన్సిటివిటీ మారుస్తున్నా, త్రెషోల్డ్ తగ్గిస్తున్నా, డ్రమ్ కీతో మెష్ బిగించి చూస్తున్నా, మళ్లీ వదులు చేస్తున్నా. ఈ మెష్ 1997లో రోలాండ్ వి-డ్రమ్స్‌తో వచ్చింది. అంతకుముందు రబ్బరు ప్యాడ్ల మీద కొట్టి మణికట్లు నొప్పెట్టినవాళ్లను అడిగితే దీని విలువ చెప్తారు.

అసలు విషయం. పక్కింటి పెద్దాయన 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ప్రింటు తీసుకుని మెట్లెక్కి వచ్చాడు. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45. స్నేర్ మీద గట్టిగా ఒక్కటేస్తే 100 దాటుతుంది. ఆయనతో ఏమని వాదించను? క్లాసు మొత్తం మెష్ కిట్ మీదికి మార్చేద్దామని ఉంది. మీరేమంటారు?

కర్నూలు_5ఏ
వద్దప్పా. మెష్ మీద కర్ర తనంతట తానే లేస్తుంది. మైలార్ హెడ్ (అసలు కిట్ మీద ఉండే ప్లాస్టిక్ తోలు) మీద అంత లేవదు, ఫ్లోర్ టామ్ మీద అసలే లేవదు. వేళ్లు చెయ్యాల్సిన పని మొదట్లోనే మెష్ చేసిపెడితే, రేపు ఆ పిల్లోణ్ణి మా చర్చిలో కిట్ మీద కూర్చోబెట్టినప్పుడు డబుల్ స్ట్రోక్‌లో రెండో దెబ్బ వినపడదు. ఇట్లాంటి వాళ్లు ఇద్దరు మా క్వయర్‌లోనే ఉన్నారు. ఫోన్‌లో వీడియోలు అదరగొడతారు, పాట మొదలైతే స్నేర్ వినపడదు.

ముందు ప్రాక్టీస్ ప్యాడ్, 5ఏ సైజు కర్రలు, మెట్రోనోమ్ (తాళానికి టిక్కులు కొట్టేది) 60 మీద. సింగిల్, డబుల్, పారాడిడిల్. పర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ వాళ్లు 1984లో ఖాయం చేసిన 40 రుడిమెంట్లలో (కర్రల మూల అభ్యాసాల్లో) కనీసం పది చేతికొచ్చేదాకా కిట్ ముట్టుకోనివ్వకూడదు. అది ఏ కిట్టైనా సరే.

ఏడురోడ్లు_కడప
హెడ్‌ఫోన్లు పెట్టినా బేస్ పెడల్ దడ కింద ఇంటికి దిగుతుంది. మేం పడ్డాం. మందపాటి రబ్బరు మ్యాట్ వేసుకోండి.

అనంత_స్నేర్
5ఏ అన్నా, మీరు చెప్పే ప్రాక్టీస్ ప్యాడ్ కూడా రబ్బరే కదా! దాని మీద కర్ర లేవదా? దానికి లేని తప్పు మెష్‌కు ఎట్లా వచ్చింది? మెష్ బిగింపు మన చేతిలో ఉంది. స్నేర్ ప్యాడ్ కొంచెం వదులు చేస్తే అసలు స్నేర్‌కు చాలా దగ్గరగా వస్తోంది, నేను రెండూ పక్కపక్కన పెట్టి కొట్టి చూశాను. పదేళ్ల పిల్లోణ్ణి నెలల తరబడి రబ్బరు ముక్క ముందు కూర్చోబెడితే వాడు మళ్లీ రాడు.

కర్నూలు_5ఏ
రాకపోతే పోనీ. దిండు మీద కొట్టించండి, దాని మీద అసలు లేవదు కదా.

ఇంకోటి. మెష్ మీద వైరు బ్రష్‌లు వాడలేరు. హైహ్యాట్ సగం తెరిచి కొడితే వచ్చే ఆ 'ష్ష్' ఏ మాడ్యూల్‌లోనూ (ఎలక్ట్రానిక్ కిట్‌కు శబ్దాలిచ్చే పెట్టెలో) సరిగ్గా రాదు. మెల్లగా వేసే ఘోస్ట్ నోట్లను చవక కిట్లు పట్టుకోవు. పిల్లోడు ఏం నేర్చుకుంటాడు? మెల్లగా కొడితే వినపడదు కాబట్టి గట్టిగా కొట్టాలని నేర్చుకుంటాడు.

బురుజు_బాయ్
శివమణి నీళ్ల క్యాన్లు, సూట్‌కేసు మీద కూడా వాయిస్తాడు. వాయించేవాడికి ఏదైనా ఒకటే.

కర్నూలు_5ఏ
ఆయన సూట్‌కేసు మీద నేర్చుకోలేదు సామీ.

సాయినగర్_అమ్మ
నాకు వాయించడం రాదు, అయినా రాస్తున్నాను. మా వాడు ఆరో తరగతి. ఒకచోట డ్రమ్స్ క్లాసులో వేశాం (అనంత_స్నేర్ గారి దగ్గర కాదు). నెలకు 1500. ఒకరోజు తొందరగా వెళ్లి మెట్ల మీద కూర్చుని చూశాను. ఆ సారు కొత్త స్నేర్ డబ్బా తెరిచారు. పాత తోలు ఊడదీశారు, కొత్తది వేశారు. ఒక నట్టు తిప్పడం, దానికి ఎదురుగా ఉన్న ఇంకో నట్టు తిప్పడం, ప్రతి నట్టు దగ్గరా వేలితో కొట్టి చెవి పెట్టి వినడం. తర్వాత టిష్యూ పేపర్ మడిచి టేపుతో అంటించారు. మళ్లీ పీకారు. చుట్టూ ఐదుగురు పిల్లలు నోరు తెరుచుకుని నిలబడ్డారు. గంట అయిపోయింది.

ఇంటికొచ్చి మా వాడు చెప్తాడు, మంచి సింబల్‌లో రాగి 80 పాళ్లు, తగరం 20 పాళ్లు ఉంటుందని. సంతోషం. వాడి పుట్టినరోజుకు ఒక పాటకు వాయించరా అంటే చరణం దగ్గరికి రాకముందే పరుగెత్తాడు. మెష్ అయితేనేం, తోలు అయితేనేం? సారు పిల్లల వైపు చూడాలా, స్నేర్ వైపు చూడాలా?

అనంత_స్నేర్
అమ్మా, ఆ సారు తరఫున మాట్లాడటం లేదు గానీ ట్యూనింగ్ కూడా పాఠమే. ఒక నట్టు ఎక్కువ బిగిస్తే హెడ్ ఒకవైపు లాగుతుంది, దెబ్బ కొట్టాక 'టోంయ్' అని వంకర శబ్దం మిగులుతుంది. అందుకే ఎదురెదురు నట్లు తిప్పాలి, అంచుకు ఒక అంగుళం లోపల కొట్టి అన్నిచోట్లా ఒకే శ్రుతి వస్తోందా వినాలి. పిల్లలకు చెవి తయారయ్యేది అక్కడే. నా దగ్గర ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు పిల్లలతోనే కొట్టిస్తాను. వాళ్ల కళ్లల్లో ఆ వెలుగు చూడాలి మీరు.

సాయినగర్_అమ్మ
వెలుగు చూశానండీ. ఫీజు కూడా చూశాను.

ఆర్కెస్ట్రా_ప్యాడ్స్
మీరంతా ఏ కాలంలో ఉన్నారు? నాది ధర్మవరం. సీజన్‌లో ఖాళీ ఉండదు. పెళ్లికి అకూస్టిక్ కిట్ ఎవరు మోస్తారు, దానికి ఎన్ని మైకులు పెట్టాలి, ఆటోకు ఎంత? ఎస్‌పీడీ-20 ఆక్టోప్యాడ్ భుజానేసుకుని బస్సెక్కుతా. ఎనిమిది ప్యాడ్లు. ఢోలక్, తబలా, డ్రమ్స్, తప్పెట, అన్నీ అందులోనే. ఆక్టోప్యాడ్ 1985లోనే వచ్చింది, మనోళ్లు ఇంకా మెష్షా మైలారా అని కొట్టుకుంటున్నారు. పిల్లలకు రేపు అన్నం పెట్టేది నేర్పండి.

పలక_పులివెందుల
తప్పెట అందులో ఉందా అన్నా? యాడ ఉంది?

మూడు రోజుల నుంచి చదువుతున్నా, ఊరకే ఉందామనుకున్నా. ఈ మాటకు ఉండలేకపోయినా. మాది పలక కొట్టే ఇల్లు, తప్పెటనే మేం పలక అంటాం. మా నాయన, మా తాత అదే. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. సిర్ర నడిమి మీద పడుతుంది, పుల్ల అంచు దగ్గర ఆడుతుంది. కొన్ని దరువుల్లో పుల్లను చర్మానికి ఆనించి ఉంచి సిర్ర వేస్తాం, అప్పుడు 'చర్ర్' మని వేరే శబ్దం వస్తుంది. పుల్ల ఎంత ఆనిస్తే శబ్దం అంత మారుతుంది. మీ ప్యాడ్‌కు ఏం తెలుసు? దెబ్బ ఎంత గట్టిగా పడిందో తెలుసు, అంతే. ఆనించడం తెలీదు. ఎవరిదో ఒక్క దెబ్బ రికార్డు చేసి నంబర్ ఇచ్చినారు, మీరు ఆ నంబర్ నొక్కుతున్నారు.

ఆట మొదలయ్యే ముందు గడ్డి మంట వేసి పలక కాపుతాం. ఎక్కువ కాపితే చర్మం చీలుతుంది, తక్కువైతే 'బొద్' మంటుంది. బొటనవేలితో తట్టి చూసి చెప్తాం చాలని. అది నాకు ఎవరూ ఫీజు తీసుకుని నేర్పలేదు.

అనంత_స్నేర్
అన్నా అద్భుతం! కిట్ డ్రమ్స్‌కూ ఒకప్పుడు దూడ చర్మమే. 1957లో రెమో కంపెనీ మైలార్ హెడ్లు తెచ్చాక మారింది. అంతకుముందు వానకు వదులయ్యేవి, ఎండకు బిగుసుకునేవి, అచ్చం మీ పలక లాగే. మీరు వాడేది మేక చర్మమేనా? ఎంత మందం? నాకు ఒకటి చేయించి ఇస్తారా, స్నేర్ పక్కన స్టాండు మీద పెట్టి చూడాలని ఎప్పటి నుంచో ఉంది.

ఆర్కెస్ట్రా_ప్యాడ్స్
పులివెందుల అన్నా, శబ్దం నూటికి నూరు పాళ్లు రాదు, ఒప్పుకుంటా. అయితే పెళ్లివాళ్లకు తేడా తెలీదు.

పలక_పులివెందుల
పెళ్లివాళ్లకు తేడా తెలుసు, రేటు తేడా. ముందు ఊరేగింపు అంటే మేం ఆరుగురం పోతాంటిమి. ఇప్పుడు మీరొక్కరు పోతారు, అందులో మా శబ్దం ఉంటుంది, మేం ఉండం. నా తమ్ముడు పలక అటక మీద పెట్టి బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయినాడు. మీరేమో 'అన్నం పెట్టేది నేర్పండి' అంటున్నారు.

ఆర్కెస్ట్రా_ప్యాడ్స్
మీ తమ్ముణ్ణి నేను పంపానా? నేను రాకపోతే వాళ్లు డీజే పెడతారు. డీజే వచ్చాక మా ట్రూపులో సింగర్లకే పని లేదు. నాకూ ఇద్దరు పిల్లలున్నారు. ఊరికే ఏడవకండి.

పలక_పులివెందుల
ఏడుస్తున్నానా? ఆ మాట ఎదురుగా వచ్చి అను.

మోడరేటర్
ఇద్దరూ ఆగండి. ఇంకో మాట దాటితే థ్రెడ్ మూసేస్తాను. విషయం పిల్లలకు ఏ కిట్ అనేది.

కర్నూలు_5ఏ
విషయానికే వస్తున్నా. తప్పెట మీద రీబౌండ్ (కర్ర తిరిగి లేవడం) చాలా తక్కువ. పిల్లల మణికట్టుకు అది మెష్ కంటే ఎన్నో రెట్లు మంచిది. నేను మొదటి నుంచి చెప్తున్నది ఇదే.

పలక_పులివెందుల
మోడరేటర్ గారూ, నేనూ విషయమే మాట్లాడుతున్నా. అనంత_స్నేర్ అన్న పోయిన వారం ఇక్కడే ఒక వీడియో పెట్టినాడు, 'ఫోక్ బీట్, మూడో పాఠం' అని. పిల్లలతో కిట్ మీద వాయించినారు. అది గూగూడు పీర్ల పండగలో గుండం ముందర కొట్టే దరువు. బాగానే వాయించినారు, నేను కాదనను. ఆ దరువు వాళ్లకు యాడ నుంచి వచ్చింది? ఎవురి దగ్గర విన్నారు? ఆ వీడియోలో ఒక్క ముక్క లేదు. కర్రల కంపెనీ పేరు మాత్రం చెప్పినారు, రెండుసార్లు.

అనంత_స్నేర్
అన్నా, చిన్నప్పటి నుంచి మా నాన్నతో గూగూడు పోతాను, అక్కడ విన్నదే. దరువు ఎవరి సొంతమూ కాదు కదా? ప్రేమతోనే నేర్పాను. మీరు మా క్లాసుకు రండి. నెలకో ఆదివారం. పిల్లల దగ్గర తలా 100 తీసి ఇప్పిస్తా, బస్సు ఛార్జీ వేరే ఇస్తా. భోజనం మా ఇంట్లోనే.

పలక_పులివెందుల
మీ ఫీజు ఎంత అన్నా?

అనంత_స్నేర్
అదే 1500. వారానికి రెండు క్లాసులు.

పలక_పులివెందుల
నెలకు ఎనిమిది. అంటే క్లాసుకు దగ్గర దగ్గర 190. అదే పిల్లలు, అదే గది, అదే గంట. మా దరువు మీరు చెప్తే 190, నేను చెప్తే 100, పైన ఒక పూట అన్నం.

ఏడురోడ్లు_కడప
లెక్క కరెక్టే.

అనంత_స్నేర్
గది బాడుగ ఉంది, కిట్ కంతులు ఉన్నాయి, హెడ్లు మార్చాలి, ఒక్క క్రాష్ పగిలితే నెల సంపాదన పోతుంది. అవేవీ మీకు లేవు. ఇంకో మాట కూడా చెప్తాను, ఏమనుకోకండి. 'మా వాడు డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు' అని తల్లిదండ్రులు చుట్టాలకు చెప్పుకుంటారు. 'పలక నేర్చుకుంటున్నాడు' అని చెప్పుకోరు. బోర్డు మీద పలక అని రాస్తే సగం మంది మానేస్తారు. ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ రూలు నేను పెట్టింది కాదు.

పలక_పులివెందుల
రూలు మీరు పెట్టలేదు. దాన్ని చూసుకుని రేటు పెట్టినారు.

కర్నూలు_5ఏ
ఇది మాత్రం న్యాయమైన మాట. మా చర్చిలో వాయించేవాళ్లలో సగం మంది పలక ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లకు చేతి పట్టు చూపించాల్సిన పనే పడదు. అయినా ఆ సంగతి ఎవరూ బయటికి చెప్పరు, వాళ్లూ చెప్పరు.

సాయినగర్_అమ్మ
తల్లిదండ్రుల పేరు తీశారు కాబట్టి రాస్తున్నాను. నన్నడిగితే పంపుతాను, అదే ఫీజు ఇచ్చి పంపుతాను. మా అత్తమ్మ ఊరుకోదు, అదీ నిజమే. పీర్ల పండగలో ఆ దరువుకు ముందు అడుగేసేది ఆవిడే. మనవడు నేర్చుకుంటానంటే మాత్రం వద్దంటుంది. ఇంట్లో ఈ గొడవ నేను చూసుకుంటాను, మీరు ఒకటి చెప్పండి. మా వాడిని ఇప్పుడు దేని మీద కూర్చోబెట్టాలి? ఇంత చదివాక కూడా నాకు తెలియలేదు.

కర్నూలు_5ఏ
ప్రాక్టీస్ ప్యాడ్.

ఆర్కెస్ట్రా_ప్యాడ్స్
ఆక్టోప్యాడ్.

గుత్తి_కోట
మొత్తం చదవలేదు, పైన మెష్ కిట్ అన్నారు కాబట్టి చెప్తున్నా. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు వాడొద్దు. దెబ్బ ఇప్పుడు పడుతుంది, శబ్దం ఆలస్యంగా వస్తుంది, పిల్లలకు తాళం చెడిపోతుంది. వైరున్నవే వాడాలి.

అనంత_స్నేర్
నూటికి నూరు పాళ్లు నిజం బ్రదర్! నేను రెండూ పెట్టి చూశాను. బ్లూటూత్‌లో స్నేర్ కొడితే వెనక నుంచి ఎవరో మళ్లీ కొట్టినట్టు ఉంటుంది. వైరున్నవి తీసుకున్నా, చెవి మొత్తం మూసేవి, క్లిక్ బాగా వినిపిస్తోంది. మీరు ఏ మోడల్ వాడుతున్నారు? ఫొటో పెట్టండి.

పలక_పులివెందుల
దీనికి మాత్రం జవాబు వెంటనే వచ్చింది.