అవెంజ్, రివెంజ్: తేడా పుట్టుకలోనే ఉందా?

వ్యాకరణప్రియ: ఇంగ్లీషు మాటలు అవెంజ్, రివెంజ్ మధ్య తేడాకు పోటీ పరీక్షల గైడ్లలో ఉండే సూత్రమే నాదీ. ఇంకొకరికి జరిగిన అన్యాయానికి న్యాయంగా బదులు తీరిస్తే అవెంజ్, సొంత కసి తీర్చుకుంటే రివెంజ్. ఈ తేడా ఆ మాటల్లోనే ఉంది. ‘రి’ అంటే తిరిగి, అంటే దెబ్బకు దెబ్బ.

పాతపుస్తకం: మాటల్లో లేదండీ. రెండింటి మూలమూ లాటిన్ ‘విండికారే’: హక్కు కోరడం, శిక్షించడం. పాత ఫ్రెంచ్ మీదుగా 14వ శతాబ్దంలో రెండూ ఇంగ్లీషులో చేరాయి. ఇక్కడ ‘రి’ మళ్లీ అని కాదు, అర్థానికి ఊతమివ్వడానికి వచ్చింది. మీ సూత్రమే నిజమైతే 1611 నాటి ఇంగ్లీషు అనువాదం కింగ్ జేమ్స్ బైబిల్ తప్పు రాసినట్టే. రోమీయులకు 12:19లో ‘మీకు మీరే పగతీర్చుకొనక’ అని మన బైబిల్లో ఉన్నచోట అందులో ఉన్నది అవెంజ్. అది సొంత పగే కదా! షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్‌లో తండ్రి ప్రేతం తన హత్యకు బదులు తీర్చమని కొడుకును అడిగేదేమో రివెంజ్.

వ్యాకరణప్రియ: మరి శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువు మాటేమిటి? రివెంజ్ ఆవేశంతో చేసేది, వెంజన్స్ (అవెంజ్‌కు నామవాచకం) న్యాయంతో చేసేది అని విడదీశాడుగా.

పాతపుస్తకం: అప్పటికి ఆ మాటలు వచ్చి మూడు వందల ఏళ్లు దాటింది. జనం కలిపేసి వాడుతుంటేనే ఆయన విడదీయాల్సి వచ్చింది. గీత ఉందంటాను, పుట్టుకతో వచ్చిందనను.

ట్యూషన్‌టీచర్: మూలాల సంగతి ఎలా ఉన్నా, పేపర్లో మార్కులు పోయేది వాక్యం కట్టే దగ్గర. అవెంజ్ క్రియ మాత్రమే. ‘టుక్ అవెంజ్’ కుదరదు, ‘టుక్ రివెంజ్’ అనాలి. ఎవరి మీదో చెప్పడానికి ‘ఆన్’ వాడాలి; ‘టు’, ‘విత్’ పనికిరావు. మన ‘మీద’ గుర్తుంటే చాలు. పిల్లలు ఎక్కువగా బోల్తాపడేది ‘ఐ విల్ అవెంజ్ యూ’ దగ్గర. అది బెదిరింపనుకుంటారు. నిజానికి ‘నీ తరఫున నేను పగ తీరుస్తా’ అని అభయమిచ్చినట్టు! అవెంజ్ పక్కన నేరుగా వచ్చేది బాధితుడో, జరిగిన అన్యాయమో. శత్రువు ‘ఆన్’ తర్వాతే వస్తాడు. రివెంజ్‌ను క్రియగా వాడటం ఇప్పుడు అరుదు, నామవాచకంగా రాయడమే క్షేమం.

కక్షాకార్పణ్యం: వెండెట్టాను వదిలేశారు. అదీ ఆ లాటిన్ కుటుంబమే, ఇటాలియన్ నుంచి 19వ శతాబ్దంలో వచ్చింది. కోర్సికా ద్వీపంలో అది వంశాల మధ్య రక్తపాతం. మన పేపర్లు ‘పొలిటికల్ వెండెట్టా’ అని రాసేది కక్షసాధింపు కేసుల గురించి. అందులో న్యాయం వాసన లేదు, కాబట్టి అవెంజ్ పక్కన పెట్టకండి.

వ్యాకరణప్రియ: సరే, ఖాళీలు పూరించే ప్రశ్నలో ఏది రాయాలి?

ట్యూషన్‌టీచర్: ఖాళీకి ముందు ‘టేక్’ ఉంటే రివెంజ్. ‘టు’ తర్వాత ఖాళీ, ఆ వెంటనే ‘హిజ్ ఫాదర్స్ డెత్’ ఉంటే అవెంజ్. హామ్లెట్‌ను ఉదాహరణగా చూపినా జవాబుల కీ మారదు.