బుడమేరులో ఈ. కోలి: ఐదు చోట్ల తీసిన నమూనాలను ఎలా పోల్చాలి?

ప్రశ్న (పర్యావరణ శాస్త్ర విద్యార్థిని, విజయవాడ)

నమస్కారం. వెలగలేరు రెగ్యులేటరు దిగువ నుంచి సింగ్‌నగర్ మీదుగా ఎనికేపాడు వరకు బుడమేరు వాగుపై ఐదు చోట్లు ఎంచుకున్నాము. ఎనిమిది తేదీల్లో, ప్రతిసారీ ఒకే ఉదయం ఐదు చోట్లా నీరు పట్టి, ఈ. కోలికి (మల కాలుష్యాన్ని సూచించే బ్యాక్టీరియా) ఎం.పి.ఎన్. విలువలు (నీటిలో అవి ఎన్ని ఉండవచ్చో చెప్పే అంచనా) కట్టాము. ప్రతిచోటా రెండేసి సీసాలు పట్టినందువల్ల మొత్తం 80 విలువలు ఉన్నాయి. 100 మిల్లీలీటర్లకు కొన్ని వందల్లో ఉంటే, కొన్ని లక్ష దాటాయి. నాలుగైదు మాత్రం '1,60,000 కంటే ఎక్కువ' అని మాత్రమే తేలాయి. సగటులను పోల్చే అనోవా పరీక్ష చేస్తే చోట్ల మధ్య తేడా లేదని, ర్యాంకులను పోల్చే క్రుస్కల్–వాలిస్ పరీక్ష చేస్తే ఉందని వస్తోంది. ఐదు చోట్లలో ఏర్పడే పది జతలనూ విడివిడిగా పోల్చమని మా గైడు గారు అంటున్నారు. ఏ దారి సరైనదో దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (గణాంక శాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు)

అమ్మా, మీరు నమూనాలు తీసిన తీరుకు ఆ రెండు పరీక్షలూ సరిపోవు. బ్యాక్టీరియా లెక్కలు రెట్లలో మారతాయి కనుక ఒక్క లక్ష విలువ అంకమధ్యమాన్ని తన వైపు లాగేసుకుంటుంది. అనోవాకు తేడా కనబడకపోవడానికి ముఖ్య కారణం అదే అయి ఉంటుంది. లాగ్ (సంవర్గమానం) తీసి గుణమధ్యమాలతో (లాగ్‌ల సగటు నుంచి వచ్చే మధ్యమాలు) పోల్చితే ఆ చిక్కు చాలావరకు పోతుంది. అయితే అసలు విషయం తేదీలది. వాన పడిన రోజున ఐదు చోట్లా విలువలు కలిసి పెరుగుతాయి, క్రుస్కల్–వాలిస్ పరీక్షకు ఆ సంగతి తెలియదు. 1937లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ ప్రతిపాదించిన పరీక్ష (ఆయన తర్వాత ఆర్థికవేత్తగానే ఎక్కువ పేరు పొందారు) ఏ రోజు విలువలకు ఆ రోజులోనే ర్యాంకులు ఇస్తుంది కాబట్టి మీకు కావలసింది అది. ముందుగా జంట సీసాల విలువలను లాగ్ సగటుతో ఒకటిగా కలపండి. ఒకే నీటిని రెండుసార్లు పరీక్షించినంత మాత్రాన సాక్ష్యం రెట్టింపు కాదు. మీ దగ్గర ఉన్నవి 40 విలువలే. 'కంటే ఎక్కువ' అన్నవాటికి ఊహించిన అంకె వేయకండి, ఆ రోజు పై ర్యాంకు ఇస్తే చాలు. ఒకే రోజు అలాంటివి రెండుంటే ర్యాంకును సమంగా పంచండి.

పది జతల విషయంలో మీ గైడు గారితో ఒకసారి మాట్లాడండి. ఎనిమిది తేదీల్లోనూ ఒక చోటే ఎక్కువగా ఉన్నా, రెండేసి చోట్లను తేదీవారీగా పోల్చే జతల విల్‌కాక్సన్ పరీక్షలో రాగల అతి చిన్న పి-విలువ (నిజానికి తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత) 2/256, అంటే సుమారు 0.0078. పోలికలు పెరిగేకొద్దీ లేని తేడా కనబడే అవకాశం పెరుగుతుంది కనుక, తేడా ఉందనడానికి వాడే 0.05 హద్దును పది పోలికలకు పదితో భాగిస్తే 0.005 అవుతుంది; పి-విలువ అంతకంటే తక్కువ రావాలి. నీరు ఎంత మురికిగా ఉన్నా ఆ హద్దు కిందకు మీరు రాలేరు! ఎగువ నుంచి దిగువకు పక్కపక్కన ఉన్న నాలుగు జతలనే ముందుగా నిర్ణయించుకుంటే హద్దు 0.0125, అప్పుడు అవకాశం ఉంటుంది. పైగా వాగు విషయంలో అడగవలసిన ప్రశ్న కూడా అదే: ఏ రెండు చోట్ల మధ్య కాలుష్యం కలుస్తోంది?

జవాబు 2 (నీటి పరీక్షా ప్రయోగశాల ఉద్యోగి, విజయవాడ)

పై సలహాతో ఏకీభవిస్తూ రెండు మాటలు చేరుస్తాను. వెలగలేరు దగ్గర ఎగువ నీటిని మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోకి పంపుతారు కనుక, వరద లేని రోజుల్లో దిగువన మీరు పట్టేది చాలావరకు స్థానిక డ్రైన్ల నీరే అయి ఉండవచ్చు. కాబట్టి ఎగువ నీరే దిగువకు వచ్చిందని అనుకోకుండా, మొదటి జత ఫలితాన్ని జాగ్రత్తగా వివరించండి. అలాగే, స్నానానికి పనికివచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన, 100 మిల్లీలీటర్లకు 2,500 అనే గరిష్ఠ పరిమితి ఫీకల్ కోలిఫాంలకు (మల కాలుష్యాన్ని సూచించే బ్యాక్టీరియా సమూహం) సంబంధించినది. ఈ. కోలి వాటిలో ఒక భాగం కాబట్టి మీ విలువ 2,500 దాటితే పరిమితి దాటినట్టే. దాటకపోతే మాత్రం నీరు బాగుందని రాయడానికి వీలులేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు తేదీల్లో భారీ వర్షం పడింది. వాటిని తీసివేయవచ్చా అండీ?

జవాబు 1 (మళ్లీ)

తీసివేయవద్దమ్మా. తేదీల మధ్య తేడాను ఫ్రీడ్‌మన్ పరీక్ష ఎలాగూ పక్కన పెడుతుంది. వానరోజు ఏ చోటు విలువ మిగతావాటికంటే ఎక్కువ రెట్లు పెరిగిందో పట్టికలో విడిగా చూపండి. మురుగు ఎక్కడ పొంగుతోందో అందులో తెలియవచ్చు. పైగా ఆరు తేదీలే మిగిలితే అతి చిన్న పి-విలువ 2/64, అంటే 0.031 అవుతుంది కనుక నాలుగు జతల హద్దు కూడా అందదు.