ఐదుగురం, ఒక హార్మోనియం, ఒక ఎద్దు: నవ్వించే సంగీత నాటిక కట్టడం ఎట్లా?

గిత్తబాబు (ఒంగోలు):

అందరికీ నమస్కారం. మేం ఒంగోల్లో ఐదుగురం, పగలు ఉద్యోగాలు, సాయంత్రం నాటికలు. ఇద్దరం బ్యాంకులో, ఒకడు గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు, ఒకామె టీచరు, ఇంకొకడికి ఉద్యోగం లేదు, పెళ్ళి లేదు, గొంతు మాత్రం ఉంది. ఇన్నాళ్ళూ పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, మేం వేసినవన్నీ ఏడుపు నాటికలే. కొడుకు తండ్రిని వృద్ధాశ్రమంలో వదిలేస్తాడు, చివర్లో తండ్రి శవం వస్తుంది, వెనక షెహనాయి ట్రాక్. జడ్జీ జేబులోంచి కర్చీఫ్ తీశాడంటే బహుమతి ఖాయం. నిజం చెప్పాలంటే మాకే విసుగొచ్చింది.

పోయిన ఆగస్టులో మా బావమరిది ఎడింబరో వెళ్ళి, అక్కడి ఫ్రింజ్ నాటకోత్సవంలో చూసిన మ్యూజికల్స్ (పాటలతో నడిచే నాటకాలు) గురించి భోజనాల దగ్గర రెండు గంటలు చెప్పాడు. ముగ్గురో నలుగురో మనుషులు, ఒక కీబోర్డు, గంటలో కథ అయిపోవాలి, కథేమో అసలు ఎవడికీ తట్టనంత వింతగా ఉంటుంది, జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. అప్పట్నుంచీ మా బుర్రల్లో పురుగు తొలుస్తోంది.

మా కథ ఇది. కరవది నుంచి ఒక ఒంగోలు గిత్త ఓడెక్కి బ్రెజిల్ పోతుంది. రేవులో గుమాస్తా "ఊరు?" అంటాడు. ఇది "ఒంగోలు" అంటుంది. వాడు "నెలోర్" అని రాసుకుంటాడు. (అక్కడ మన జాతిని నిజంగానే నెలోర్ అంటారు, నెల్లూరు పేరు మీద. ఇది మా ఊరి పాత కడుపుమంట.) ఇక జీవితమంతా పేరు మార్చమని ఆఫీసుల చుట్టూ అర్జీ పట్టుకుని తిరుగుతుంది. చివరికి దాని వంశంలో పుట్టిన ఆవుకి నలభై కోట్లు ధర కడతారు, ఇక్కడ దాని అన్న వంశంవాళ్ళు ఇంకా తిరునాళ్ళలో బండ లాగుతూనే ఉంటారు. ధర మేం కల్పించింది కాదు, వియాటినా-19 అనే నెలోర్ ఆవు గురించి మన పేపర్లన్నీ రాశాయి.

ఇప్పుడు అనుమానాలు. పాట ఎక్కడ పెట్టాలి, మాట ఎక్కడ ఆపాలి? గిత్తకి కొమ్ములూ తోకా కట్టాలా? ఒక పరిషత్తు పెద్దాయనకి కథ చెబితే "ఇది నాటిక కాదబ్బాయ్, స్కూలు వార్షికోత్సవం" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది, అబద్ధమెందుకు. ఫ్రింజ్ చూసినవాళ్ళూ నాటకాలు తెలిసినవాళ్ళూ కాస్త చెప్పండి.

పెన్నాగట్టు (సొంతూరు కోవూరు, ఉండేది గ్లాస్గో):

ముందు ఒక మాట బ్రదర్, గుమాస్తా తప్పేం రాయలేదు. బ్రెజిల్‌కి మన పశువులు 1868లోనే చేరాయని వాళ్ళ చరిత్రలో చెప్పుకుంటారు, ఓడ సాల్వడార్ రేవులో ఆగితే ఒక జతని అక్కడే అమ్మేశారని. 1868లో ఒంగోలు ఏ జిల్లా? నెల్లూరు జిల్లా! గుంటూరు జిల్లా ఏర్పడి మీరు అందులోకి పోయింది 1904లో. కాబట్టి మీ గిత్తే అబద్ధం చెబుతోంది, మీరు మా పేరు మీద పడి ఏడవకండి :)

ఇక అసలు విషయం. ఎడింబరో ఇక్కణ్ణుంచి రైల్లో గంట, నాలుగేళ్ళుగా ప్రతి ఆగస్టూ వెళ్తున్నా. ఫ్రింజ్ పుట్టిందే పిలవని పేరంటంగా. 1947లో ఎడింబరోలో పెద్ద అంతర్జాతీయ ఉత్సవం మొదలైతే, పిలుపు లేని ఎనిమిది బృందాలు వచ్చి పక్క హాళ్ళలో సొంతంగా ఆడేశాయి. ఇప్పటికీ సెలక్షన్ కమిటీ అంటూ లేదు. హాలు అద్దెకి దొరికితే ఎవడైనా ఆడొచ్చు. అందుకే అక్కడ చెత్త కూడా బోలెడు ఉంటుంది, అది మీ బావమరిది చెప్పి ఉండడు. చాలామంది చేతి చమురు వదిలించుకుని ఇంటికి పోతారు. ఊరి మధ్య రాయల్ మైల్ అని ఒక వీధి, నటులు వేషాలతోనే నిలబడి కరపత్రాలు చేతిలో పెడుతుంటారు, మన ట్రంకు రోడ్డు మీద చీరల డిస్కౌంటు కాగితాలు ఇచ్చినట్టు. కొన్ని షోలకి టికెట్టే ఉండదు, అయిపోయాక తలుపు దగ్గర బకెట్ పట్టుకుని నిలబడతారు. హరికథలో పళ్ళెం తిప్పినట్టే.

స్లాటు గంటంటే గంటే. మీరు దిగేటప్పటికి తరవాతి బృందం సామాన్లతో తలుపు బయట ఉంటుంది. అందుకని సెట్టు సూట్‌కేసులో పట్టాలి, మనుషులు తక్కువ ఉండాలి, ఒక్కొక్కడు ఐదు వేషాలు వెయ్యాలి. ఈ పేదరికం నుంచే సగం నవ్వు పుడుతుంది. నేను చూసినదాంట్లో ఇద్దరే అమ్మాయిలు. సూపర్ మార్కెట్లో మనమే బిల్లు కొట్టుకునే మెషీన్ ఒకటి ఉంటుంది కదా, అది ఒక ముసలాయనతో ప్రేమలో పడుతుంది. మెషీన్ అంటే ఒక అట్టపెట్టె, అంతే. "సంచిలో తెలియని వస్తువు ఉంది" అని ఆ మెషీన్లు రోజూ అరుస్తాయి చూడండి, ఆ ఒక్క వాక్యాన్నే పల్లవి చేసి విరహగీతం పాడింది ఆ పిల్ల. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటే, తీరా నేను ఏడుస్తున్నానని అర్థమైంది. ఆమె ఒక్కసారి కూడా "చూశారా ఎంత కామెడీ చేస్తున్నానో" అన్నట్టు మనవైపు చూడలేదు. మెషీన్‌కి నిజంగానే గుండె పగిలింది, అంతే.

నీ కొమ్ముల ప్రశ్నకి నా జవాబు అందులోనే ఉంది. తోకా వద్దు, కొమ్ములూ వద్దు. తెల్ల పంచె, మెళ్ళో ఒక గంట, చేతిలో అర్జీ. అదే గిత్త. స్టేజీ మీద ఎవరూ దాన్ని ఎద్దు అని వింతగా చూడకూడదు, గుమాస్తా "ఆధార్ ఉందా" అన్నట్టే అడగాలి.

ఫ్రింజ్ నుంచి ఎదిగిన షోలు కూడా ఉన్నాయి. ఎనిమిదో హెన్రీ ఆరుగురు పెళ్ళాలూ పాప్ గాయనుల్లా మైకులు పట్టుకుని "నా కష్టం ఎక్కువంటే నా కష్టం ఎక్కువ" అని పోటీపడే 'సిక్స్' 2017లో ఫ్రింజ్‌కి కేంబ్రిడ్జ్ విద్యార్థులు తెచ్చిన షో. తరవాత లండన్‌లో పెద్ద నాటకశాలలుండే వెస్టెండ్‌కీ, అక్కణ్ణుంచి న్యూయార్క్‌లో అట్లాంటిదే అయిన బ్రాడ్‌వేకీ పోయింది. మీరు బ్రాడ్‌వే పోనక్కర్లేదు, ముందు చీమకుర్తి దాకా రండి.

పొదిలి హార్మోనియం:

నాయనా, నాకు ఎడింబరో తెలియదు, హార్మోనియం తెలుసు. నలభై ఏళ్ళు పద్యనాటకాలకి వాయించాను. ముగ్గురు మనుషులు, పాటలో కథ, మధ్యలో హాస్యం అని మీరు కొత్తగా చెబుతుంటే నవ్వొచ్చింది. బుర్రకథ ఏంది మరి? నడిమి కథకుడు కథ నడుపుతాడు, పక్కన వంత పాడే ఇద్దరిలో ఒక వంత హాస్యం చెబుతాడు, ఇంకొక వంత రాజకీయం మాట్లాడతాడు. కథ వేడెక్కినప్పుడు హాస్యగాడు అడ్డం తగిలి "అయితే అన్నా, ఆ గిత్త ఓడలో ఏం తిన్నది?" అంటాడు. జవాబులో నవ్వూ వస్తుంది, వినేవాళ్ళకి తెలియని సంగతీ తెలుస్తుంది. మీ గుమాస్తాని హాస్య వంతగా పెట్టుకోండి, సగం పని అయిపోతుంది.

పని మాట ఇంకోటి. మీ ఐదుగురి శ్రుతులు ముందు చూసుకోండి. మగగొంతు ఒకటిన్నరలో, టీచరమ్మ ఐదున్నరలో ఉంటే యుగళగీతం ఎక్కడ కలుస్తుంది? కలవదు, ఎవరో ఒకరు అరవాలి. అరిస్తే మాట వినపడదు, హాస్యప్పాటలో మాట వినపడకపోతే ఇక దేనికి. రాగం మామూలుది పెట్టుకోండి, జనానికి తెలిసిన మట్టు (బాణీ) లాంటిదైతే మేలు, వాళ్ళ చెవి మాట మీద ఉంటుంది.

రికార్డు ట్రాక్ మాత్రం పెట్టొద్దు. దండం పెడతా. హాస్యానికి ట్రాక్ పగ. జనం ఎక్కడ నవ్వుతారో, ఎంతసేపు నవ్వుతారో మీకు తెలియదు. పొదిల్లో నవ్విన చోట దర్శిలో నవ్వరు. మనిషి వాయిస్తుంటే, నవ్వు లేచినప్పుడు అదే ముక్క తిప్పి తిప్పి వాయిస్తూ నటుడి కళ్ళలోకి చూస్తాను, వాడు తల ఊపాక చరణం అందిస్తాను. ట్రాక్ అట్లా ఆగదు. జనం నవ్వుతుండగానే తరవాతి లైను పోతుంది, ఆ లైన్లో ఉన్న జోకూ పోతుంది.

ఇంకొక హెచ్చరిక. హాస్యం ఎవరి మీద అన్నది చూసుకోండి. చింతామణి నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర రాసినాయన రాసింది ఒకటి, తరవాత స్టేజీ మీద నటులు చప్పట్ల కోసం చేర్చుకుంటూ పోయింది ఇంకొకటి. చివరికి ఒక కులంవాళ్ళ మనసు నొచ్చి, 2022లో ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. నిషేధం సరా కాదా అన్నది వేరే వాదన. నా మాటల్లా, గుమాస్తాకి యాస పెట్టి, కులం పెట్టి నవ్వించొద్దు. వాడి రూలు పుస్తకమే నవ్వించాలి.

చేపలపులుసు (నెల్లూరు):

బాబుగారూ, కథ బాగుంది, కానీ ఒకచోట మీరు తప్పించుకుంటున్నారు. బ్రెజిల్‌లో నెలోర్ జాతిని ఎక్కువగా పెంచేది మాంసానికి. నలభై కోట్ల ఆవు సంగతి వేరు, అది సంతతి కోసం. మిగతావాటి సంగతి మీ గిత్తకి ఎప్పుడు తెలుస్తుంది? అది లేకుండా వేస్తే ఆ పెద్దాయన చెప్పిన వార్షికోత్సవమే అవుతుంది, క్షమించాలి.

న్యూయార్క్ ఫ్రింజ్‌లో 1999లో 'యూరిన్‌టౌన్' అని ఒకటి వేశారు, పేరు వినగానే ముక్కు మూసుకుంటారు. కరువొచ్చి నీళ్ళు లేక ఒక ఊళ్ళో సొంత మరుగుదొడ్లు నిషేధిస్తారు, డబ్బు కట్టి కంపెనీ దొడ్లోకే పోవాలి, కట్టలేకపోతే శిక్ష. రాసినాయనకి యూరప్‌లో చేతిలో డబ్బుల్లేక తిరుగుతున్నప్పుడు డబ్బులిచ్చి వాడే మరుగుదొడ్లు చూసి ఈ ఆలోచన వచ్చిందట. 2001లో బ్రాడ్‌వేకి వెళ్ళి తర్వాతి ఏడాది బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డులు మూడు తెచ్చుకుంది. జనం మొదట పేరుకి నవ్వుతారు, తరవాత పాటకి నవ్వుతారు, చివర్లో తిరగబడ్డవాళ్ళు గెలిచి దొడ్లు ఉచితం చేస్తే ఉన్న నీళ్ళు కూడా అయిపోతాయి. అంత చేదుగా ముగించినా అది కామెడీయే. మీ గిత్తకి అట్లాంటి ఒక్క పాట కావాలి. పక్క కొట్టంలో ఉండే దూడ రేపటినుంచి కనపడదు, గుమాస్తా రిజిస్టర్లో ఒక గీత కొడతాడు, అదే హుషారు మట్టులోనే పాడతాడు. మట్టు మార్చొద్దు. మట్టు విషాదంగా మార్చారో, మళ్ళీ షెహనాయి దగ్గరికే పోయినట్టు.

కనిగిరి కుర్రాడు:

నీళ్ళు లేని ఊరి కథ మాకు కామెడీ ఏంటక్కా, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళు గారపట్టినోళ్ళం. ఎవరన్నా వేస్తానంటే ముందు వరసలో కూర్చుంటా గానీ.

సౌండ్ సిస్టం:

పరిషత్తుల్లో మైకులు అద్దెకిచ్చే మనిషిని. పొదిలి పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, కానీ ఆయన హార్మోనియం పక్కన నేల మైకు పెడితే పాడేవాడి మాట చచ్చిపోద్ది. వేలాడే మైకులు డైలాగుకి సరిపోతాయి, వేగంగా పాడే పాటకి చాలవు. హార్మోనియం స్టేజీకి ఓ పక్కన, మైకు లేకుండా పెట్టండి, పాడేవాళ్ళకి కాలర్ మైకులు తీసుకోండి, దొరక్కపోతే ముందుకొచ్చి నిలబడి పాడండి. ఇంకో సంగతి, కామెడీ నాటిక అని చెబితే నిర్వాహకులు రాత్రి చివరి స్లాటు ఇస్తారు, అప్పటికి జనంలో సగం నిద్ర, సగం టీకొట్టు దగ్గర. పోటీకి పోకండి. ఏదన్నా ఊళ్ళో బండలాగుడు పోటీల రాత్రి వెయ్యండి, గిత్తల యజమానులే మీకు ప్రేక్షకులు. వాళ్ళు నవ్వితే ఇంకెక్కడైనా నవ్వుతారు.

పెన్నాగట్టు:

బండలాగుడు రాత్రి! ఇదే ఫ్రింజ్ అంటే. పెద్ద ఉత్సవం పక్కన పిలవకుండా వచ్చి ఆడటం. నేను వెయ్యి రూపాయలు చదివిస్తున్నా, మైకులో పేరు చెప్పాలి, ఊరు నెల్లూరు జిల్లా అని చెప్పాలి.

గిత్తబాబు:

అందరికీ పేరుపేరునా దండాలు. పెన్నాగట్టు అన్నా, నువ్వు ఎగతాళికి రాసిన ముక్కే మాకు కథయింది. నిన్న రాత్రి కూర్చుని లెక్కేశాం. గిత్త ఓడెక్కినప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లా. అర్జీ పెడితే జవాబు వచ్చేసరికి 1904, గుంటూరు జిల్లా అయింది, అర్జీ చెల్లదు. మళ్ళీ పెడుతుంది, జవాబు వచ్చేసరికి 1970, కొత్తగా ఒంగోలు జిల్లా. హమ్మయ్య అని గిత్త డాన్సు చేస్తుంది, చరణం పూర్తయ్యేలోపు 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు మారుస్తారు. ఆఖరికి 2022లో కందుకూరు నెల్లూరుకి పోయింది, చీరాల బాపట్లకి పోయింది, గుమాస్తాకే తన ఊరు ఏ జిల్లానో తెలియక సీటు మీంచి లేచి గిత్త వెనక లైన్లో నిలబడతాడు. ప్రతిసారీ అదే పల్లవి: "జిల్లా పేరు స్పష్టంగా రాయవలెను".

చేపలపులుసు అక్కా, దూడ పాట టీచరు రాసింది. హుషారు మట్టులోనే. చదివి వినిపిస్తే గ్రానైట్ ఫ్యాక్టరీ వాడు ముందు నవ్వి, తరవాత లేచి డాబా చివరికి పోయి నిలబడ్డాడు. అది ఉంచుతున్నాం.

పొదిలి పెద్దాయనా, ట్రాక్ తీసేశాం, మీరు ఒక ఆదివారం వస్తారా? బస్సు చార్జీ, భోజనం మావి, శ్రుతులు చూడకముందే గొడవైంది, గిత్త "అంబా" ఏ శ్రుతిలో అనాలన్న దగ్గర. గంటసేపు ఐదుగురం డాబా మీద అంబా అంబా అంటుంటే కింద వాటాలో ఉండే ఆమె మెట్లెక్కి వచ్చి, గేదెని పైకి ఎట్లా ఎక్కించారు, ఎట్లా దించుతారు, పాలు లీటరెంత అని అడిగింది.