గేమ్ ఆడితే ఆగదు, ఊరికే వదిలేస్తే సిస్టం ఆఫ్ అయిపోతోంది

పటమట:
పొద్దున్నుంచి దీంతోనే సరిపోయింది. డెస్క్‌టాప్ దానంతటదే ఆఫ్ అయిపోతోంది. వేడి కాదు, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ మార్చాను. ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి పెట్టాను. విండోస్ మళ్ళీ వేశాను. ఇంకేం చెయ్యాలో చెప్పండి బాబూ.

అరండల్‌పేట 4/1:
ప్రాసెసర్ ఏది? ఎస్‌ఎంపీఎస్ (సిస్టంకి కరెంటు అందించే పెట్టె) ఏది? ఏం చేస్తుంటే ఆఫ్ అవుతోంది?

కృష్ణలంక:
ముందు ఇన్వర్టర్ చూడండి. స్క్వేర్ వేవ్‌దైతే (మామూలు కరెంటులా నున్నటి తరంగం కాకుండా చదరంగా ఇచ్చేది) యాక్టివ్ పీఎఫ్‌సీ (లాగే కరెంటును సరిదిద్దే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌కి పడకపోవచ్చు, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలోనే సిస్టం ఆగిపోవచ్చు. ఎర్తింగూ అంతే. మీటర్ న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య పెడితే రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఎండాకాలం ఎర్త్ గుంటలో నీళ్ళు పోసేవాళ్ళేరీ?

పటమట:
కరెంటు ఉన్నప్పుడే ఆఫ్ అవుతోందండీ. గేమ్ ఆడుతుంటే గంటలైనా ఏం కాదు, టీ తాగి వచ్చేసరికి చచ్చి ఉంటుంది. రైజెన్ 5 1600, పాత 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్. వారం కిందట బయాస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) అప్‌డేట్ చేశాను, దానికీ దీనికీ సంబంధం లేదనుకోండి.

అరండల్‌పేట 4/1:
సంబంధం ఉన్నది దానికే. అప్‌డేట్‌తో సెట్టింగులు మామూలుగా డిఫాల్ట్‌కి పోతాయి. పని లేనప్పుడు ప్రాసెసర్ కోర్లు సీ6 అనే గాఢనిద్రలోకి వెళ్ళి 12 వోల్టుల లైను మీద లోడు బాగా పడిపోతుంది. కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు అంత తక్కువ లోడు తట్టుకోలేక ఆగిపోతాయి. బయాస్‌లో అడ్వాన్స్‌డ్, ఏఎండీ సీబీఎస్, పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్. ఆటో తీసి టిపికల్ కరెంట్ ఐడిల్ పెట్టండి, లోడు మరీ పడిపోదు. కుదరకపోతే కోర్ల నిద్రను నడిపే గ్లోబల్ సీ-స్టేట్ కంట్రోల్ డిజేబుల్ చెయ్యండి, కరెంటు కాస్త ఎక్కువ కాలుతుంది.

సత్యనారాయణపురం:
బయాస్ కాదు, ఇప్పటి బోర్డుల్లో దాని స్థానంలో ఉన్నది యూఈఎఫ్ఐ. దీన్ని షట్‌డౌన్ అనీ అనకూడదు. విండోస్ తనంతట మూసుకుంటే లాగ్‌లో 1074 నంబరు ఈవెంట్ పడుతుంది.

అరండల్‌పేట 4/1:
డిలీట్ నొక్కితే వచ్చేది, పేరేదైతేనేం. 1074 మాట మాత్రం నిజమే. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టం లాగ్ తెరిచి కెర్నల్-పవర్ 41 (సరిగ్గా మూసుకోకుండా ఆగి మళ్ళీ మొదలైందనే నమోదు) చూడండి. డీటెయిల్స్‌లో బగ్‌చెక్‌కోడ్ 0 ఉంటే బ్లూస్క్రీన్ నమోదు కాలేదన్నమాట. పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్ కూడా 0 అయితే బటన్ ఎవరూ నొక్కిపట్టలేదు.

పటమట:
రెండూ 0.

అరండల్‌పేట 4/1:
అయితే సెట్టింగ్ మార్చే ముందు ఒక పరీక్ష. బయాస్ స్క్రీన్ మీదే రెండు గంటలు వదిలెయ్యండి. అక్కడ విండోస్ ఉండదు కాబట్టి కోర్లు అంత నిద్రలోకి పోవు. అక్కడా ఆఫ్ అయితే ముందు ఎస్‌ఎంపీఎస్‌నే అనుమానించాలి.

సత్యనారాయణపురం:
యూఈఎఫ్ఐ స్క్రీన్.

పటమట:
అక్కడ ఆఫ్ అవ్వలేదు. టిపికల్ పెట్టాను, రాత్రంతా ఆన్‌లోనే ఉంది. థాంక్సండీ. ఎర్త్ గుంటలో నీళ్ళు కూడా పోశాం.