199 డాలర్ల ఫోను పోయి 36 నెలల వాయిదాలు వచ్చాయి: లాభపడింది ఎవరు?

పాతబిల్లు:
చర్చకు పెడుతున్న మాట: అమెరికా మొబైల్ కంపెనీలు సబ్సిడీ ఫోన్లు ఎత్తేసి నెలవారీ వాయిదాలు తెచ్చినందువల్ల వాడుకదారుకు ఒరిగిందేమీ లేదు, మెడకు పడ్డ తాడు ఇంకాస్త పొడుగైంది, అంతే.

కొత్తవాళ్ల కోసం వెనకటి సంగతి క్లుప్తంగా. రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెడితే ఫోను సగం కంటే తక్కువకే చేతికొచ్చేది. 2014లో ఐఫోన్ 6, 16 జీబీ అసలు ధర 649 డాలర్లయితే కౌంటర్లో కట్టింది 199. ఈ పద్ధతిని ముందు వదిలేసింది టీ-మొబైల్, 2013 మార్చిలో. అదే వేసవిలో ఏటీ అండ్ టీ 'నెక్స్ట్' అని, వెరైజన్ 'ఎడ్జ్' అని వాయిదాలు మొదలుపెట్టాయి. 2015 ఆగస్టులో వెరైజన్ కొత్త కస్టమర్లకు కాంట్రాక్టు ఫోన్లు ఆపేసింది. 2016 జనవరి 8 నుంచి ఏటీ అండ్ టీ కూడా అంతే.

అప్పుడు 24 నెలలు. ఇప్పుడు ఏటీ అండ్ టీ, వెరైజన్‌లలో 36. దీన్ని కాంట్రాక్టు నుంచి స్వేచ్ఛ అంటున్నారు, అదీ నా అభ్యంతరం.

లెక్కలపద్దు:
199కి వచ్చిందని మురిసిపోయిన ఫోను 199కి రాలేదండీ. ఆ 450 డాలర్ల సబ్సిడీ మీ నెల బిల్లులోనే ఉండేది, విడిగా కనిపించేది కాదు. 2013కి ముందు చాలా ప్లాన్లలో పెద్ద అన్యాయం ఏమిటంటే, రెండేళ్లు గడిచి సబ్సిడీ తీరిపోయాక కూడా నెల చార్జీ ఒక్క డాలరు తగ్గేది కాదు. సొంత ఫోను తెచ్చుకున్నవాడికీ అదే చార్జీ. అంటే పాత ఫోనుతో సర్దుకున్నవాడు పక్కవాడి కొత్త ఫోనుకు చందా కట్టినట్టే.

ఫోనూ సర్వీసూ విడదీశాక అసలు ధర ఎంతో బయటపడింది. 2014 ఫిబ్రవరి నాటి ఏటీ అండ్ టీ షేరింగ్ ప్లాన్ చూడండి. 10 జీబీ, అంతకు మించిన ప్లాన్‌లో ఒక్కో ఫోనుకు లైను చార్జీ కాంట్రాక్టు మీదైతే 40 డాలర్లు, వాయిదాల మీదైనా సొంత ఫోనైనా 15. తేడా 25. ఇరవై నాలుగు నెలలకు 600. దానికి కౌంటర్లో కట్టిన 199 కలిపితే 799. అదే ఫోను వాయిదాల్లో 649. 'చవక ఫోను' 150 డాలర్లు ఎక్కువ పడింది.

పాతబిల్లు:
పెద్ద ప్లాన్ లెక్క వేసి చిన్న ప్లాన్ వదిలేశారేం? 10 జీబీకి లోపు ప్లాన్లలో లైను చార్జీ 40కి బదులు 25. తేడా 15, రెండేళ్లకు 360. 360కి 199 కలిపితే 559. అంటే కాంట్రాక్టు తీసుకున్నవాడికి 90 డాలర్లు మిగిలాయి. తక్కువ డేటా వాడేవాళ్లు, ఒకే లైనువాళ్లు కాంట్రాక్టుతోనే బాగుపడ్డారు. వాళ్లకున్న ఆ దారి మూసేశారు.

కంపెనీలు మన మీద ప్రేమతో ఈ పని చేయలేదు కూడా. 2013 చివర్లో ఏటీ అండ్ టీ అధిపతి రాండల్ స్టీఫెన్సన్ మదుపరుల సమావేశంలో దాచుకోకుండానే చెప్పాడు: స్మార్ట్‌ఫోన్లు దాదాపు అందరి చేతికీ వచ్చేశాయి, ఇక ప్రతిసారీ ఇంత సబ్సిడీ భరించడం కుదరదని. కొత్త కస్టమర్‌ను లాక్కురావడానికి పెట్టిన ఖర్చు, ఉన్నవాడికే మళ్లీ మళ్లీ పెట్టాల్సి వచ్చేసరికి బరువైంది.

చిన్నక్షరాలు:
మీరిద్దరూ 2014 దగ్గరే ఆగిపోయారు. నిఖార్సైన వాయిదాలు నడిచింది కొన్నేళ్లే. ఇప్పుడు దుకాణం అద్దం మీద 'ఫ్రీ' అని రాసేది వాయిదా కాదు, బిల్ క్రెడిట్. పైకి ఒకేలా ఉంటాయి గానీ రెండూ వేరు.

900 డాలర్ల ఫోను అనుకుందాం. మీరు సంతకం పెట్టే కాగితం 900 డాలర్ల అప్పు పత్రం, నెలకు 25 చొప్పున 36 నెలలు, వడ్డీ సున్నా. దాని పక్కనే వేరే షరతుల కాగితం ఉంటుంది: మీరు ఫలానా ప్లాన్‌లో ఉన్నంత కాలం నెలకు 25 డాలర్లు బిల్లులో తిరిగి జమ చేస్తాం అని. అప్పు గట్టిది, జమ షరతుల మీద నిలబడ్డది. 12వ నెలలో లైను తీసేశారా, మిగతా 24 జమలు ఆగిపోతాయి, 600 డాలర్ల బాకీ ఆఖరి బిల్లులో ఒక్కసారే వచ్చి కూర్చుంటుంది.

పాత పద్ధతిలో అదే 12వ నెలలో వదిలేస్తే? వెరైజన్ 2009 నవంబరులో స్మార్ట్‌ఫోన్లకు పెట్టిన జరిమానా 350 డాలర్లు, గడిచిన ప్రతి నెలకూ 10 తగ్గేది. అంటే 230. ఆ 350ని అప్పట్లో దోపిడీ అన్నారు, టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ కంపెనీకి లేఖ రాసి సంజాయిషీ అడిగింది. ఇప్పుడు 600ని ఎవరూ జరిమానా అనడం లేదు, ఎందుకంటే పత్రంలో దాని పేరు 'మిగిలిన బాకీ'.

పాతబిల్లు:
+1. నేను అనేది ఇదే.

లెక్కలపద్దు:
కాదు, మీరన్నది వేరు. వాయిదాల వల్ల నష్టం అన్నారు మీరు. చిన్నక్షరాలు గారు చూపిస్తున్నది సబ్సిడీ దొడ్డిదారిన తిరిగి రావడం. రోగం సబ్సిడీది, మచ్చ వాయిదాల మీద వేస్తే ఎలా?

విడదీయడం వల్ల వచ్చిన మేలు ఇప్పటికీ ఉంది: 'ఫ్రీ' వద్దనుకునే వీలు. అన్‌లాక్డ్ ఫోను, అంటే ఒకే కంపెనీ సిమ్‌కు తాళం వెయ్యనిది, నేరుగా కొనుక్కుని మింట్, విజిబుల్, క్రికెట్ లాంటి ప్రీపెయిడ్ కంపెనీలకు పోవచ్చు. టవర్లు అవే పెద్ద కంపెనీలవి. లెక్క కూడా సులువు. మీకు ఇచ్చే నెల జమ ఎంత? 25. పెద్ద కంపెనీ అడిగే ఖరీదైన ప్లాన్‌కూ మీకు నిజంగా సరిపోయే ప్లాన్‌కూ తేడా ఎంత? అది 25 దాటితే ఆ ఫోను ఫ్రీ కాదు. తేడా 40 అయితే 36 నెలలకు 1440, 900 ఫోనుకు 540 ఎదురు కట్టినట్టు. తేడా 20 అయితే 720, మీకు 180 మిగులు. నాలుగు లైన్ల కుటుంబానికి లైనుకు చార్జీ బాగా పడిపోతుంది కాబట్టి వాళ్లకు తరచు ఈ ఆఫర్లే లాభం. ఒంటరి లైనుకు తరచు నష్టం. పన్నులు, ఫీజులు కూడా ప్లాన్ ధరలో కలిసున్నాయా, పైన వేస్తారా చూసి పోల్చండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

కొత్తగావచ్చా:
ఎమ్మెస్‌కి వచ్చాను అన్నా, ఎస్‌ఎస్‌ఎన్ (ఇక్కడి సోషల్ సెక్యూరిటీ నంబరు) ఇంకా రాలేదు. దుకాణంలో 'జీరో డౌన్, ఫోను ఫ్రీ' అంటున్నారు. తీసుకోవచ్చా?

చిన్నక్షరాలు:
తమ్ముడూ, రెండు సంగతులు. ఒకటి, అది అప్పు. నాలుగు వాయిదాలు దాటితే వడ్డీ లేకపోయినా ఇక్కడి చట్టం దాన్ని అప్పుగానే చూస్తుంది, అందుకే కాగితంలో ఏపీఆర్ (ఏడాది వడ్డీ రేటు) 0% అని ఒక పెట్టె కనిపిస్తుంది. క్రెడిట్ చరిత్ర లేనివాడికి 'జీరో డౌన్' సాధారణంగా దొరకదు. డిపాజిటో, ఫోను ధరలో కొంత ముందో అడుగుతారు. కట్టలేక ఆగిపోతే బాకీ వసూలు సంస్థ చేతికి పోతుంది, ఇంకా మొలకెత్తని క్రెడిట్ స్కోరు మీద మొదటి దెబ్బ అదే.

రెండు, మొదటి రోజు నువ్వు కట్టేది సున్నా కాదు. అమ్మకపు పన్ను వాయిదా మీద కాదు, చాలా రాష్ట్రాల్లో పూర్తి ధర మీద అప్పుడే కట్టించుకుంటారు. టెక్సస్‌లో 8.25% పడే చోట 900 ఫోనుకు 74 డాలర్ల పైచిలుకు. దానికి యాక్టివేషన్ ఫీజు అదనం. జమలు కూడా వెంటనే మొదలు కావు, ఒకటి నుంచి మూడు బిల్లులు పట్టొచ్చు, అందాకా 25 నీ జేబులోంచే.

ఊరి నుంచి తెచ్చుకున్న ఫోను పనిచేస్తుంటే మొదటి సెమిస్టరు ప్రీపెయిడ్ ఈ-సిమ్‌తో గడిపెయ్. కొనేముందు ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఐఎమ్‌ఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య) కొట్టి చూసుకో. ఇండియా మోడళ్లలో కొన్నిటికి ఇక్కడి బ్యాండ్లు (సిగ్నల్ తరంగాలు) అన్నీ అందవు. ఫోను 4జీ అయినా ఆ నెట్‌వర్కు దానికి వోల్టీ (4జీ మీదే కాల్ నడిపే పద్ధతి) అనుమతించకపోతే డేటా వస్తుంది, కాల్ పోదు.

అమీర్‌పేట్‌నుంచి:
ఇది మన దగ్గరి నో-కాస్ట్ ఈఎమ్ఐ లాంటిదే కదా? ఇంత రాద్ధాంతం దేనికి?

లెక్కలపద్దు:
కాదండీ. మన దగ్గర అప్పిచ్చేది బ్యాంకో ఫైనాన్స్ కంపెనీయో, సిమ్ కంపెనీకి సంబంధం లేదు. ఈఎమ్ఐ నడుస్తుండగానే జియో నుంచి ఎయిర్‌టెల్‌కి మారినా వాయిదా మారదు. సున్నా వడ్డీ అన్నది లేదని ఆర్‌బీఐ 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. అందుకే ఇప్పుడు వడ్డీ ఉంటుంది, దానికి సమానంగా ధర తగ్గిస్తారు, కార్డు ఈఎమ్ఐలో ఆ వడ్డీ మీద 18% జీఎస్టీ మాత్రం మీకే పడుతుంది. ఇక్కడ వడ్డీ లేదు గానీ అప్పిచ్చేవాడూ సిగ్నల్ ఇచ్చేవాడూ ఒకడే, తాళం కూడా వాడి దగ్గరే.

ఎడిసన్ అక్క:
ఎవరూ ముట్టుకోని చిక్కు ఒకటుంది. మనవాళ్లలో నలుగురైదుగురు స్నేహితులు కలిసి ఒకరి పేరు మీద ఫ్యామిలీ ప్లాన్ తీసుకోవడం మామూలే. పాత కాంట్రాక్టు రోజుల్లో ఒకరు వెళ్లిపోతే అతని లైను జరిమానాతో తీరేది. ఇప్పుడు వాయిదా పత్రాలన్నీ ఖాతాదారు పేరు మీదే. వెళ్లినవాడు డబ్బు పంపడం మానేస్తే బాకీ ఖాతాదారుది, క్రెడిట్ స్కోరూ ఖాతాదారుదే.

విడిపోయేటప్పుడు లైను తీసెయ్యకండి, బాధ్యత బదిలీ అడగండి. అవతలి మనిషి పేరున ఖాతా తెరిచి నంబరు, వాయిదా అటు మారుస్తారు, అతను క్రెడిట్ పరీక్షలో నిలబడితేనే. మారేముందు రెండు ప్రశ్నలు రాతలో అడగండి: ఆ లైనుకు వస్తున్న జమలు కొత్త ఖాతాకు వస్తాయా, పాత ఖాతాలో మిగిలిన లైన్ల జమలు నిలుస్తాయా. 'కొత్త లైను చేరిస్తేనే' అన్న ఆఫర్లలో వేరే లైను ఒకటి తీసేసినా జమ పోవచ్చు. ఫోన్లో 'అంతా బాగానే ఉంటుంది' అన్న మాట నెల తిరిగాక ఎవరికీ గుర్తుండదు. చాట్‌లో అడిగి స్క్రీన్‌షాట్ దాచుకోండి.

పాత ఫోను మార్పిడికి ఇస్తున్నట్టయితే పెట్టెలో పెట్టేముందు స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టి ఐఎమ్‌ఈఐ కనిపించేలా, స్క్రీన్ వెలుగుతూ ఉండగా ఫొటో తీయండి. ఐఫోన్ అయితే పోయిన ఫోను జాడ చూపే 'ఫైండ్ మై' ఆపండి. గడువులోపు పంపి పోస్టు రసీదు ఉంచుకోండి. ఫైండ్ మై ఆన్‌లో ఉందనో, అద్దం పగిలిందనో, ఐఎమ్‌ఈఐ కలవలేదనో కంపెనీ ఆఫర్ విలువ పక్కనపెట్టి పాత ఫోనుకు నలభయ్యో యాభయ్యో డాలర్లే వెల కట్టడం ఎక్కువగా జరిగే గొడవ.

కొత్తగావచ్చా:
మధ్యలో ఇండియా వెళ్లిపోవాల్సి వస్తే?

చిన్నక్షరాలు:
ఈ వరస తప్పొద్దు. ముందు మిగిలిన బాకీ మొత్తం కట్టు. కట్టేముందు ఆఫర్ షరతు చదువు: ముందే తీర్చేస్తే కొన్ని ఆఫర్లలో జమలు కొనసాగుతాయి, కొన్నిటిలో అక్కడికక్కడే ఆగిపోతాయి. డబ్బు జమైందని ఖాతాలో కనిపించాక అన్‌లాక్ అడుగు. ఏటీ అండ్ టీ పోస్ట్‌పెయిడ్‌లో కనీసం 60 రోజులు, టీ-మొబైల్‌లో 40 రోజులు ఆ నెట్‌వర్కులో వాడి ఉండాలి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి 'క్యారియర్ లాక్' దగ్గర సిమ్ ఆంక్షలు లేవని వచ్చిందో లేదో చూడు. ఆ తర్వాతే నంబరు వేరే చోటికి మార్చు, లైను ఆపు. లైను ముందు ఆపేసి హైదరాబాద్ వెళ్లి అక్కడినుంచి అన్‌లాక్ అడిగితే ఖాతాలోకి వెళ్లడానికే ఓటీపీ ఆ చచ్చిన నంబరుకే పోతుంది.

ఇంకోటి. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే అర లేదు. అన్‌లాక్ అయితే జియో, ఎయిర్‌టెల్, వీఐ ఈ-సిమ్ ఎక్కుతుంది, ప్లాస్టిక్ సిమ్ మాత్రం ఎక్కదు.

పాతబిల్లు:
ఇంత జాగ్రత్త పడాల్సి రావడమే నా వాదనకు బలం. 2013 ఏప్రిల్‌లోనే వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ బాబ్ ఫెర్గూసన్ టీ-మొబైల్ 'కాంట్రాక్టు లేదు' ప్రకటనలను పట్టుకున్నాడు. లైను వదిలితే ఫోను బాకీ అంతా ఒకేసారి కట్టాలన్న సంగతి స్పష్టంగా చెప్పలేదని. కంపెనీ ఒప్పందానికి వచ్చి, ఆ మార్చి 26 నుంచి ఏప్రిల్ 25 లోపు చేరినవాళ్లకు జరిమానా లేకుండా తప్పుకునే వీలిచ్చింది. ఇప్పటి 'ఫ్రీ' ఫోనుకూ అదే న్యాయం వర్తించాలి. దుకాణం అద్దం మీద ఫ్రీ అన్న అక్షరాలెంతో, 'వదిలితే 600' అన్నవీ అంత ఉండాలి.

లెక్కలపద్దు:
ఆ షరతుకు నేనూ ఒప్పుకుంటా. కాంట్రాక్టు తిరిగి తెమ్మంటే మాత్రం ఒప్పుకోను.

పాతబిల్లు:
తెమ్మనడం లేదు. జరిమానా నెలనెలా తగ్గినట్టు, ఈ బాకీ కూడా ఉన్న నెలలకు తగ్గాలంటున్నా.

లెక్కలపద్దు:
తగ్గుతూనే ఉందిగా, నెలకు 25! అప్పుడు పదే తగ్గేది. తేడా ఎక్కడుందంటే అప్పుడు మొదలు 350, ఇప్పుడు మొదలు 900. ఫోను ధర 649 దగ్గరే ఉండి ఉంటే ఈ గొడవ సగం ఉండేది కాదు.

చిన్నక్షరాలు:
ఫోను ధర పెరిగినా జనం కొంటున్నది అది 25గా కనిపించడం వల్లే కదండీ. ఆ ముక్కకు వేరే చర్చ తెరవండి, ఇక్కడ కలపొద్దు.