పొగమంచు కమ్మే కొండ విడిదికి పెద్దవారితో ప్రయాణం: సలహా కావాలి

ఉష్ణమండలంలో సుమారు 1,500 మీటర్ల ఎత్తున, జనసందడి లేని ఒక హిల్ స్టేషన్‌కు ఉబ్బసం ఉన్న మా అమ్మగారిని తీసుకువెళ్లాలని ఆశపడుతున్నాను. ఎత్తు వల్ల కలిగే అస్వస్థత సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది కాబట్టి దాని గురించి నాకు దిగులు లేదు. నన్ను ఆలోచనలో పడేసేది తేమ. తేమగాలి కొండవాలు మీదుగా పైకి లేచి చల్లబడటం వల్లనే అక్కడ పొగమంచు కమ్ముతుంది, ఆ తేమకే గదుల గోడలకు, పరుపులకు బూజు పడుతుంది, ఉబ్బసం ఉన్నవారికి బూజు అసలు పడదు. పొగమంచును కళ్లారా చూడాలన్నది అమ్మ చిరకాల కోరిక, అందుచేత పూర్తిగా పొడి నెలల్లో వెళ్లడానికి మనసొప్పడం లేదు. వర్షాలు తగ్గుముఖం పట్టిన తొలి వారాల్లో వెళితే పొగమంచూ దొరికి, గదులూ కాస్త ఆరి ఉంటాయా? గది తీసుకునే ముందు ఏమేమి అడిగి తెలుసుకోవాలి? ఇటువంటి కొండల్లో ఉదయం తెరిపిగా ఉండి మధ్యాహ్నానికి మబ్బు దిగడం మామూలే కనుక, ఘాట్ రోడ్డు ప్రయాణాన్ని ఉదయమే ముగించాలనుకుంటున్నాను. ఉబ్బసం ఉన్న పెద్దవారితో ఇలా వెళ్లివచ్చినవారు దయచేసి తమ అనుభవం తెలుపగలరు.