ట్యూన్ ఒక ఊళ్ళో, మాట ఇంకో ఊళ్ళో: పాట ఎక్కడ తప్పుతోంది?

కొత్తచరణం:
నమస్కారమండీ. స్వరకర్త ట్యూన్‌ని "తనన తాన" అంటూ వాద్యాలతో సహా ఎంపీ3లో పంపారు. ఖండగతి, అంటే ఐదేసి మాత్రల (మాత్ర అంటే అక్షరం పలికే కాలపు కొలత) నడక; వేగం నిమిషానికి 92 బీట్లు. పల్లవి రాశాను, మాత్రలు సరిపోయాయి. గాయని ఆ ఎంపీ3 వింటూ పాడారు. రెండో పాదంలో "చుక్కలు" కాస్తా "చూక్కలు" అని వినిపిస్తోంది. పైగా స్వరకర్త దగ్గరున్న అసలు ట్రాకులతో కలిపితే గొంతు కొంచెం వెనకబడుతోంది. లోపం మాటలోనా, ఫైల్లోనా?

గురులఘువు:
రెండిట్లోనూ ఉందండీ. మాట సంగతి చెప్తాను. "చుక్కలు"లో మొదటి అక్షరం ద్విత్వం ముందుంది కాబట్టి ఛందస్సులో గురువే, అంటే రెండు మాత్రలు. కానీ గొంతు నిలవడానికి అక్కడ అచ్చు లేదు, "క్" దగ్గర శబ్దం తెగిపోతుంది. స్వరం సాగితే పాడేవారు ఉకారాన్ని లాగక తప్పదు, అదే "చూ" అవుతుంది. "వెన్నెల" అయితే "న్" మీద నాదం కాస్త నడుస్తుంది. "తారలు" అంటే ఇంకా హాయి: అవే నాలుగు మాత్రలు, ఆకారం మీద ఎంతసేపైనా నిలవొచ్చు.

ట్యూన్ రాగానే అందులో ఏది సాగే "తా", ఏది తెగే "తన్" అని అడిగి తేల్చుకోండి. తత్తకారంలో (మాటల బదులు "తనన తాన" అని పాడటంలో) చాలామంది రెండిటినీ "తా" అనే పాడేస్తారు, చిక్కంతా అక్కడే. ఖండగతి కాబట్టి ఐదు మాత్రలు "తాన తన"గా (3+2) విరుగుతున్నాయా, "తన తాన"గానా (2+3) అన్నదీ చూడండి. 3+2 నడకలో 2+3 మాటలు వేస్తే లెక్క కుదిరినా పాట కుంటుతుంది.

ట్రాక్‌పెట్టె:
వెనకబాటు చాలావరకు ఎంపీ3 వల్లే కావచ్చు. ఎన్‌కోడ్ చేసేటప్పుడు ఫైల్ మొదట్లో చిన్న ఖాళీ చేరుతుంది, సాధారణంగా 25 మిల్లీసెకన్ల దరిదాపు. దాన్ని వింటూ పాడిన గొంతు అంత ఆలస్యంగానే రికార్డవుతుంది. పాట మొదట్లోనూ చివర్లోనూ తేడా ఒకేలా ఉంటే గొంతు ట్రాకుని ఆ మేరకు ముందుగా వినిపించేలా జరిపితే చాలు. పోనుపోనూ పెరుగుతుంటే స్వరకర్త దగ్గరా, గొంతు రికార్డు చేసిన చోటా టెంపో (నిమిషానికి బీట్ల) అంకె ఒకటేనా చూడండి, 92కీ 92.3కీ పొసగదు.

ఇకపై 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ (కుదించని WAV) ఫైళ్ళే అడగండి. ప్రతి ట్రాకూ, మధ్యలో వచ్చే వేణువైనా సరే, సున్నా సెకను నుంచే ఎగుమతి కావాలి. 44.1లో చేసిన ఫైల్‌ని మార్చకుండా 48లో నడిపిస్తే నాలుగు నిమిషాల పాట 3 నిమిషాల 40 సెకన్లకి ముగుస్తుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర అరస్వరం పెరుగుతుంది. గొంతు రివర్బ్ (గదిలో ప్రతిధ్వనించినట్టుండే ఎఫెక్టు) లేకుండా, గరిష్ఠ స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా ఉండాలి. మోనో గొంతు నిమిషానికి 8.6 ఎంబీ వస్తుంది. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపమనండి.

కొత్తచరణం:
"తారలు" పెట్టి పాడుకుంటే ఇట్టే కుదిరిందండీ! పాట బయటపెట్టే ముందు హక్కుల గురించి ఏమైనా రాసుకోవాలా?

సంతకం:
తప్పకుండా. మన 1957 కాపీరైట్ చట్టం కింద సాహిత్యం మీద హక్కు రాసినవారిది, సంగీతం మీద హక్కు కూర్చినవారిది. రికార్డింగ్ మీద హక్కు దాని నిర్మాతది. బదలాయింపు సంతకంతో, రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. ఎవరైనా "రాయల్టీ కూడా మాకే" అని కాగితం పెడితే కంగారుపడకండి: 2012 సవరణ తర్వాత సౌండ్ రికార్డింగ్‌లో చేరిన సాహిత్యానికి రాయల్టీలో సమాన వాటా పొందే హక్కుని మీ వారసులకో కాపీరైట్ సొసైటీకో (రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థకో) తప్ప ఎవరికీ రాసివ్వలేరు.

ట్యూన్‌తో డమ్మీ మాటలు (అసలు సాహిత్యం వచ్చేదాకా తాత్కాలికంగా పాడిన మాటలు) వచ్చి ఉంటే అవి ఎవరివో ఇప్పుడే అడగండి. వాటిలోంచి ఒక్క పాదం మీ పల్లవిలో మిగిలినా వారి అనుమతి తీసుకుని పేరు వేయాలి.